వెనక గేటు నుంచి వచ్చిన అమ్మ

నగరం అంచున గోపన్‌పల్లిలో దిగి మాజీ సైనికుల సంఘం ఎక్కడ అని అడిగితే ఆటోవాళ్లు పెదవి విరుస్తారు. రాయి ఎక్కడ అని అడిగితే మాత్రం, "గా రాయి కాడికా? ఎక్కుండ్రి" అంటారు. రెండూ ఒకటే జాగా. ఒక గది, గది ముందు రేకుల పందిరి, పందిరి ముందు నిలబెట్టిన నల్లరాయి, రాయి మీద అయిదు పేర్లు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోయాయి. పై అంతస్తు బాల్కనీలో నిలబడి చూసేవాళ్లకు అది ఎవరో ఇల్లు కట్టడం మరిచిపోయిన ప్లాటులా కనిపిస్తుందట.

అమరవీరుల స్మారకాలు దేశమంతటా ఉన్నాయి. ఈశాన్యంలో ఒక కొండవాలు మీద, ఎప్పటి యుద్ధంలోనో పోయిన తెల్లవాళ్ల సమాధుల మధ్య గడ్డిని ఒక మనిషి కత్తెరతో కత్తిరిస్తూ ఉండడం చూశాను. గోపన్‌పల్లిలో గడ్డి లేదు, కత్తెరా లేదు. డ్యూటీ దిగి వచ్చిన సెక్యూరిటీ మనుషులు బకెట్‌తో నీళ్లు పోసి, పాత బనీనుతో రాయిని తుడుస్తారు. తుడిచేవాళ్లలో అందరికంటే ఎక్కువసేపు తుడిచేవాడు కిష్టయ్య. ఇది ఆయన కథ. కానీ ఆ రాయి అక్కడికి ఎలా వచ్చిందో చెప్పకపోతే ఆయన తల ఎందుకు వంచుకున్నాడో అర్థం కాదు.

మాదాపూర్‌లో మొదటి అద్దాల మేడలు లేస్తున్న కాలమది. మేడ పూర్తి కాకముందే దానికి కాపలా కావాలి. సెక్యూరిటీ ఏజెన్సీలు 'మాజీ సైనికులకు ప్రాధాన్యం' అని పత్రికల్లో ప్రకటనలు వేసేవి. సైన్యం నుంచి సిపాయిగా వచ్చేసేవాడికి ముప్పై అయిదో నలభయ్యో ఉంటాయి. ఇంట్లో కూర్చునే వయసు కాదు, కొత్త పని నేర్చుకునే వయసూ కాదు. పాలమూరు నుంచి, మెదక్ నుంచి, నల్లగొండ నుంచి అలాంటివాళ్లు ఒక ఇనుప పెట్టె, ఒక పరుపుచుట్టతో దిగారు. కిరాయి తక్కువని గోపన్‌పల్లిలో గదులు తీసుకున్నారు. అప్పటికి అది ఊరే. వాళ్లలో పెద్దవాడు హవల్దార్ పెంటయ్య. సాయంత్రం డ్యూటీ దిగాక అందరూ ఒక చాయ్ బండి దగ్గర చేరి, ఏ పోస్టులో ఎంత చలి ఉండేదో చెప్పుకునేవారు. సంఘం అలా మొదలైంది. పేరు తర్వాత పెట్టారు.

రాయి కూడా అలాగే వచ్చింది. ఈ నగరం కూర్చున్న బండల వయసు రెండువందల యాభై కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రం చెబుతుంది. అంతకాలం కదలని బండలను మనవాళ్లు మందుపెట్టి పేల్చి, లారీలకెత్తి, ఆ గుంటల్లో టవర్లు నాటారు. ఒకరోజు పెంటయ్య అలాంటి లారీని చెయ్యెత్తి ఆపాడు. తలుపంత వెడల్పున, ఒకవైపు నున్నగా చీలిన పలక ఒకటి పైన కనిపించిందట. డ్రైవరు, "ఏం చేసుకుంటవ్ పెద్దాయినా, ఇంటి ముంగట బట్టలుతుకుతవా?" అని అడిగాడు. "లేదు బిడ్డా, మా దోస్తు పేరు రాయిస్త" అన్నాడు పెంటయ్య. బ్యారక్‌లో ఆయన పక్క మంచం మీద పడుకునే సిపాయి ఒకడు సరిహద్దులో చనిపోయాడు. అతనికి ఊళ్లో ఎవరూ మిగల్లేదు. పేరు ఎక్కడో ఒకచోట ఉండాలని పెంటయ్య పట్టు. డ్రైవరు పలకను దింపి, చాయ్ తాగి పోయాడు. మొదటి పేరు అదే.

పెంటయ్య రెండు నియమాలు పెట్టాడు. ఏజెన్సీ యూనిఫారంతో రాయి ముందుకు రాకూడదు, ఇది మొదటిది. టవర్ గేటు దగ్గర నిలబడినవాడు లోపలికి వచ్చే ప్రతి కారుకూ సెల్యూట్ కొట్టాలి. సైన్యంలో జీవితమంతా కొట్టినన్ని ఇక్కడ ఒక ఎండాకాలంలో కొట్టేస్తాడు. కారులో ఉన్నవాడు ఫోను చూసుకుంటూ పోతాడు. "గా చేతి తోని గీ రాయికి సలాం కొట్టకుండ్రిరా. ఇంటికి పోయి కడుక్కొని, బట్టలు మార్చుకొని రాండ్రి" అనేవాడు పెంటయ్య.

రెండోది పేరు పిలవడం. ప్రతి అమరుడి దినం నాడు రాయి ముందు అందరూ వరుసగా నిలబడతారు. ఒకరు ముందుకు వచ్చి నంబరు, హోదా, పేరు గట్టిగా పిలుస్తారు, పొద్దుటి హాజరులో పిలిచినట్టే. అతను పలకలేడు కాబట్టి వరుసలో ఉన్నవాళ్లందరూ ఒక్క గొంతుతో "హాజిర్ సాబ్" అంటారు. ఎవరు పిలవాలో చెప్పే హక్కు మాత్రం సంఘానికి లేదు. అది ఆ ఇంటివాళ్లది. తల్లో భార్యో ఎవరిని చూపిస్తే వాళ్లే పిలవాలి. ఎవరూ లేని మొదటి సిపాయి పేరు పెంటయ్యే పిలుస్తాడు. ఆ వరుసలో ఇంతకంటే పెద్ద పదవి లేదు. సంఘం అధ్యక్షుడు సోమేశ్వరరావు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఫ్లాటు కొనుక్కున్న రిటైర్డ్ సుబేదారు. జెండా కర్ర ఆయనే పెట్టించాడు. ఆయనకు కూడా ఆ గౌరవం ఎవరూ ఇవ్వలేదు.

కిష్టయ్యకు ఇచ్చింది చంద్రమ్మ.

కిష్టయ్యది పరిగి దగ్గర పల్లె. పంతొమ్మిదేళ్లకు సైన్యంలో చేరి, నాయక్ హోదాలో వచ్చేశాడు. రాయదుర్గంలో ఒక పెద్ద టవర్‌కు సెక్యూరిటీ సూపర్‌వైజర్. మాట తక్కువ. బూట్లు మెరవాలి. పొద్దున్నే యూనివర్సిటీ గోడ పక్క రోడ్డు మీద పరుగెత్తే అలవాటు ఉండేది. ఆ పరుగు చూసి, సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లు ఒకరిద్దరు వెంట పడ్డారు. వాళ్లలో ఒకడు సంతోష్, చంద్రమ్మ కొడుకు. చంద్రమ్మ భర్త ముందే పోయాడు. ఆమె మేడల దగ్గర కాంక్రీటు తట్టలు మోసి కొడుకును పెంచింది. తెల్లారి పనికి పోతూ ఆ పరుగును చూసి నిలబడేది.

"ఏంది కిష్టయ్యా, మా పోరణ్ని గింతగనం ఉరికిస్తున్నవ్. చెప్పులరిగితె నువ్వు కొనిస్తవా?"

"సర్కారు బూట్లిస్తది అక్కా, జర ఆగు."

సర్కారు బూట్లు ఇచ్చింది. సంతోష్ లాన్స్ నాయక్ అయ్యాడు. ఒక శీతాకాలం మంచు చరియ విరిగి వాళ్ల పోస్టు మీద పడింది. రాయి మీద అయిదో పేరు అతనిదే. ఎవరు పిలవాలని సోమేశ్వరరావు వినయంగా అడిగితే, చంద్రమ్మ తల కూడా ఎత్తకుండా, "ఉరికిచ్చినోడే పిలవాలె" అన్నది. ఆ మాటలో నింద ఎంత, నమ్మకం ఎంత అని కిష్టయ్య ఎవరినీ అడగలేదు. ఏటా కార్తీకంలో ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుని, పతకాలు పెట్టుకుని, పిలిచేవాడు. ఆమె పక్కన నిలబడి వినేది.

నిరుడు ఆగస్టులో, కిష్టయ్య కాపలా కాసే టవర్‌లోని ఒక కంపెనీవాళ్లు స్వాతంత్ర్య దినోత్సవ వారంలో అమరవీరుడి తల్లిని సన్మానించాలనుకున్నారు. ఆ పని చూసే అమ్మాయి ఉమాశ్రీ, తూర్పుగోదావరి వైపు మనిషి, స్వయంగా కిష్టయ్య దగ్గరికి వచ్చి అడిగింది.

"కిష్టయ్య గారూ, మీ సంఘం తరఫున ఒక అమ్మగారిని తీసుకురాగలరాండీ? కారు పంపిస్తాం."

"కారెందుకు మేడం, నా బండి మీద తీస్కొస్త."

ఆరోజు ఆయనకు సెలవు దొరకలేదు. ఏజెన్సీ యూనిఫారంలోనే పోయి చంద్రమ్మను బండి మీద ఎక్కించుకున్నాడు. ఆమె పెట్టెలో దాచుకున్న కొత్త చీర కట్టుకుంది. గుడ్డ సంచిలో సంతోష్ ఫోటో, ఫ్రేము కట్టినది, పెట్టుకుంది. కాళ్లకు మాత్రం రోజూ వేసుకునే రబ్బరు చెప్పులే.

ఆ చెప్పుల దగ్గర ఒక మాట చెప్పాలి. ఇలాంటి టవర్లన్నింటికీ రెండు దారులుంటాయి. ముందు అద్దాల తలుపు, పూలకుండీలు, చల్లటి హాలు. వెనక కిందికి దిగే ర్యాంపు, ఇనుప గేటు, సామాను లిఫ్టు. హౌస్‌కీపింగ్ వాళ్లు, క్యాంటీను వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు వెనక నుంచి రావాలి. ఇది కొత్తదేమీ కాదు. నవాబుల దేవిడీలకు నౌకర్ల దారి వేరే ఉండేది, జమీందారు లోగిళ్లకు దొడ్డివాకిలి ఉండేది. మనుషులు ఇల్లు కట్టడం నేర్చిన కొత్తలోనే రెండో తలుపు పెట్టడం కూడా నేర్చి ఉంటారు. అయితే పాత కాలంలో ఎవరు ఏ దారిన రావాలో అందరికీ పుట్టుకతోనే చెప్పేసేవారు. ఇప్పుడు గేటు దగ్గర నిలబడ్డవాడు ఒక్క చూపుతో తేల్చాలి. కిష్టయ్య దానిలో ఆరితేరినవాడు. డ్యూటీలో కొత్తగా చేరినవాళ్లకు ఆయన నేర్పే మొదటి పాఠమే అది: "మొఖం చూడకు. మొఖం మోసం చేస్తది. చెప్పులు చూడు."

బండి ఆపాక కిష్టయ్య ముందు నడిచాడు, చంద్రమ్మ వెనక నడిచింది. ఎటు పోవాలని ఆయన ఆలోచించలేదు. తర్వాత కనకమ్మతో, అంటే భార్యతో, ఆయన చెప్పింది ఇంతే: "కాళ్లు పోయినయి." పన్నెండేళ్లకు పైగా రోజూ పోయిన వైపే పోయాయి. ర్యాంపు దిగారు. ఇనుప గేటు దగ్గర భాస్కర్ అనే గార్డు ఉన్నాడు, కిష్టయ్య చేతి కిందివాడు, ఆ పాఠం బాగా నేర్చినవాడు. చంద్రమ్మ కాళ్ల వైపు చూశాడు.

"కొత్తగ చేరిందా అన్నా? ఏ ఫ్లోరు?"

"నాతోని వచ్చింది" అన్నాడు కిష్టయ్య.

"సంచి మిషన్ల పెట్టమ్మా. టిఫిన్ డబ్బా ఉంటె మూత తియ్యి."

చంద్రమ్మ సంచిని ఎక్స్‌రే మిషను బెల్టు మీద పెట్టింది. సంచి అటువైపు నుంచి బయటికి వచ్చింది. భాస్కర్ సంచి తెరిచి, ఫోటోలో సైనిక దుస్తుల్లో ఉన్న కుర్రాణ్ని చూసి, ఏదో అనబోయి, సూపర్‌వైజర్ మొహం చూసి ఊరుకున్నాడు. అప్పుడైనా కిష్టయ్యకు తెలిసి ఉండాలి. వెనక్కి తిరిగితే ముందు తలుపు నూరు గజాలు కూడా లేదు. కానీ తిరగడమంటే భాస్కర్ ఎదుట తప్పు ఒప్పుకోవడం. సామాను లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, ఎక్కేశారు. లోపల చుట్టూ ప్లైవుడ్ కొట్టి ఉంటుంది, గోడలు గీసుకుపోకుండా. చెత్త డబ్బాల బండి ఒకటి ముందే ఎక్కి ఉంది. ఆ బండికి జాగా ఇవ్వడానికి చంద్రమ్మ మూలకు ఒదిగి, ఫోటోను రొమ్ముకు హత్తుకుంది.

సన్మానం బాగా జరిగింది. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. ఫోటోను బల్ల మీద పెట్టి దండ వేశారు. కంపెనీలోని కుర్రాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, కొందరి కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. కిష్టయ్య గోడకు ఆనుకుని, డ్యూటీలో ఉన్నట్టు నిలబడ్డాడు.

అయిపోయాక ఉమాశ్రీ చంద్రమ్మ చెయ్యి పట్టుకుని ముందు లిఫ్టులో కిందికి తీసుకువచ్చింది. కిష్టయ్య వెంట వచ్చాడు. లిఫ్టు అద్దాలలో ముగ్గురూ కనిపిస్తున్నారు. కింద హాల్లో నేల మీద పెద్ద ముగ్గు, ముగ్గు పక్కన నీళ్లు చల్లిన బంతిపూల పళ్లెం, కుర్చీలో పెట్టిన పూలగుత్తి. చంద్రమ్మ ఆగిపోయింది.

"గిదెవరికి బిడ్డా?"

"మీకేనమ్మా. మీరొస్తారని మా వాళ్లంతా పొద్దున్నించీ ఇక్కడే నిలబడ్డారు. హారతి కూడా వెలిగించాం. ఇంతలో మీరు పైన ఉన్నారని ఫోనొచ్చింది. ఎటు నుంచి వచ్చారమ్మా మీరు?"

కిష్టయ్య కుర్చీలోని పూలగుత్తి వైపు చూశాడు. ఆ కంపెనీ ఆమెను వెనక నుంచి రమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు. ముందు తలుపు ఆమె కోసం తెరిచి పెట్టి ఉంది. ఆమెను అక్కడికి రానివ్వనివాడు ఆయన ఒక్కడే.

చంద్రమ్మ ఆయన వైపు ఒకసారి చూసింది. తర్వాత ఉమాశ్రీ వైపు తిరిగి నవ్వింది.

"నాకే గీ అద్దాల తలుపంటె బుగులైంది బిడ్డా. యాడ గుద్దుకుంటనో అని. నేనే ఎనుకకెల్లి పోదామన్న. పాపం, కిష్టయ్య వద్దనే అన్నడు."

ఉమాశ్రీ నవ్వి, "అయ్యో, భలేవారమ్మా మీరు!" అని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కిష్టయ్య ఆ నవ్వును నవ్వనిచ్చాడు. వెనక గేటుకు తీసుకుపోవడం కాళ్లు చేసిన తప్పనుకుంటే, ఇది కాళ్లు చేసింది కాదు.

బండి మీద ఇంటికి వస్తూ, చాలా దూరం వచ్చాక, వెనక కూర్చున్న చంద్రమ్మ ఒకే మాట అన్నది. "మావోని ఫోటోను మిషన్ల నుంచి పోనిచ్చిండు గా పిల్లగాడు. లోపల ఏం కనవడ్డదో." అది ఎత్తిపొడుపో, ఉత్త ముచ్చటో తెలియలేదు. కిష్టయ్య బండి వేగం తగ్గించి, ఏదైనా ఇంకో మాట వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

ఇలాంటి మాటలు గాలిలో ఆగవు. వారంలోగా ఆ ముచ్చట గోపన్‌పల్లి రాయి దగ్గరికి వచ్చేసింది. సంఘంలో సగం మంది టవర్లలో పనిచేసేవాళ్లే కదా. "చంద్రమ్మ అద్దాల తలుపుకు భయపడ్డదట" అని ఒకడంటే, "కొడుకు మంచుకు భయపడలే, తల్లి అద్దానికి భయపడ్డదా?" అని ఇంకొకడు. ఎవరిలోనూ చెడు లేదు. ప్రేమగా నవ్వుకున్నారు. చాయ్ చేతికందిస్తూ పెంటయ్య కూడా, "ఏం కిష్టిగా, నువ్వన్న చెయ్యి పట్టుకొని తీస్కపోవద్దా? గా తలుపులు అవంతట అవే తెరుచుకుంటయని చెప్పొద్దా?" అన్నాడు.

"చెప్పిన పెంటన్నా" అన్నాడు కిష్టయ్య.

ఆ అబద్ధాన్ని ఆయన నిలబెట్టడం అది రెండోసారి. మొదటిసారి మాట్లాడకుండా ఊరుకున్నాడు. ఇప్పుడు మాట్లాడాడు.

ఆయన తినడం తగ్గించాడు. కనకమ్మ గమనించింది. వారం రోజులు చూసి, కంచం ముందు పెట్టి, పక్కన కూర్చుంది.

"ఏమైంది? నౌకరీ పోయిందా?"

"పోలే."

"మరేంది గిట్ల పరేషాన్ల ఉన్నవ్?"

మొత్తం చెప్పాడు. కనకమ్మ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది. ఆమె ఆయన కంచంలో పచ్చిపులుసు పోసింది.

"నేనొస్తె ఏ గేటు నుంచి తీస్కపోదువు?"

ఆయన ముద్ద కలపడం ఆపాడు. ఆమె లేచి, పులుసు గిన్నె లోపల పెట్టి వచ్చి, "నేనైతె అబద్ధమాడి నిన్ను కాపాడకపోదును" అని మాత్రం అన్నది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం కిష్టయ్య చంద్రమ్మ ఇంటికి పోయాడు. ఆమె గడప ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆయన నిలబడే ఉన్నాడు.

"అక్కా, గా రోజు…"

"కూసో. చాయ్ పెట్టన్నా?"

"గా తలుపు ముచ్చట…"

"ఇడిసిపెట్టు తమ్మీ. గేట్ల ముచ్చట గేట్ల కాడనే ఉండనియ్యి. నేను గా మేడలకు తట్టలు మోసినప్పుడు గేటే లేకుండె. యాడికెల్లి పడితె గాడికెల్లి పోయెటోళ్లం." ఒక కాయ ఒలిచి, గింజలు చేటలో పడేసి, "పుచ్చులొస్తున్నయి ఈసారి" అన్నది.

ఆయన కూర్చున్నాడు. చిక్కుడుకాయలు ఒలవడంలో కాస్త సాయం చేసి లేచి వచ్చేశాడు. ఆమె వద్దన్నది కదా అనుకోవడం ఆయనకు కొన్నాళ్లు ఆసరాగా ఉంది. కానీ ఆమె వద్దన్నది తన ఇంట్లో మాత్రమే. రాయి దగ్గర నవ్వులపాలవుతున్నది ఆమె. అక్కడ మాట్లాడవద్దని ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఇది కిష్టయ్యకు తెలుసు. టవర్ దగ్గర కొత్త గార్డులకు పాఠం చెప్పే పని వచ్చినప్పుడు చెప్పుల దాకా వచ్చి ఆగిపోయాడు, భాస్కర్‌ను పిలిచి మిగతాది నువ్వు చెప్పు అన్నాడు. భాస్కర్ ఆయన మాటల్నే, ఆయన గొంతుతోనే, ఒక్క అక్షరం తప్పకుండా చెప్పాడు. కిష్టయ్య పక్కన నిలబడి విన్నాడు.

కార్తీకం వచ్చింది. సంతోష్ దినం దగ్గర పడింది. కిష్టయ్య ముందున్న ప్రశ్న ఇప్పుడు ఒక్కటే. ఎవరి తల్లిని వెనక గేటు నుంచి తోలుకుపోయి, ఆ తప్పును ఆమె నెత్తిన ఉండనిచ్చాడో, ఆమె కొడుకు పేరును ఏ నోటితో పిలవాలి? పిలవను అంటే ఎందుకని అడుగుతారు. పిలిస్తే ఆమె పక్కనే నిలబడి వింటుంది. దినం నాటి ఉదయం ఆయన పతకాలకు బ్రాసో పాలిష్ పట్టించి తుడుస్తుంటే, తుడిచింది చాలు అని కనకమ్మ లాక్కోవలసి వచ్చింది.

ఆ రోజు జనం కొంచెం ఎక్కువే వచ్చారు. అపార్ట్‌మెంట్ల నుంచి కూడా కొందరు దిగి వచ్చారు, చూడడానికి నేనూ వచ్చాను. చంద్రమ్మ తట్టలో బంతిపూలు తెచ్చింది. సోమేశ్వరరావు మాట్లాడడానికి లేచాడు. మంచి వక్త. మంచి మనిషి కూడా, అది మరిచిపోకూడదు.

"మన సంతోష్ ఎలాంటి తల్లి కడుపున పుట్టాడో ఒక్క మాటలో చెబుతానండి. మొన్న ఆగస్టులో ఒక పెద్ద కంపెనీవాళ్లు ఈ తల్లికి స్వాగతం చెప్పడానికి పూలు పట్టుకుని నిలబడ్డారండి. ఈవిడేమో ఆ అద్దాల తలుపు చూసి హడలిపోయి, వెనక నుంచి వెళ్లిపోదాం పదమన్నారటండి! అంత అమాయకురాలు. ఆ తల్లి బిడ్డ కొండల్లో మంచుకు ఎదురు నిలిచాడు."

జనం మెత్తగా నవ్వారు. చంద్రమ్మ కొంగు సర్దుకుంది, తట్టలోని పూలను చేతితో కదిపింది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. మెడ మాత్రం కొంచెం కిందికి వంగింది.

సోమేశ్వరరావు పక్కకు జరిగి, "నాయక్ కిష్టయ్య గారూ" అన్నాడు. కిష్టయ్య వరుసలోంచి ముందుకు వచ్చాడు. మడమలు కలిపాడు. నంబరు పిలవాలి. పిలవలేదు.

"సాబ్, అక్క భయపడలే" అన్నాడు.

వెనకవాళ్లకు వినబడలేదు. "ఏంది? గట్టిగ చెప్పు" అని ఎవరో అన్నారు.

"అక్క భయపడలే. నేనే తీస్కపోయిన ఎనుకకెల్లి. చెత్త డబ్బాల లిఫ్టుల తీస్కపోయిన. ఎవరూ చెప్పలే నాకు. ఫోటోను మిషన్ల పెట్టిస్తుంటె చూసుకుంట నిలవడ్డ. అక్క నా కోసం అబద్ధమాడింది. నేను గదే అబద్ధం మీ అందరికీ చెప్పిన." పతకాలు ఒకదానికొకటి తగిలి చిన్న చప్పుడు చేశాయి. నవ్వినవాళ్లు ఎటు చూడాలో తెలియక నేల చూశారు. అక్కడున్న సగం మంది ఏదో ఒక గేటు దగ్గర నిలబడేవాళ్లే. పెంటయ్య ముసలి చేతులు వెనక్కి కట్టుకుని కళ్లు మూసుకున్నాడు. సోమేశ్వరరావు ఎర్రబడిపోయి, "అయ్యో, నేనూ తెలియక…" అని ఆగిపోయాడు.

కిష్టయ్య చంద్రమ్మ వైపు తిరిగాడు. క్షమిస్తుందనో, తిడుతుందనో, ఏదో ఒకటి. ఆమెకు కోపం వచ్చింది. కానీ ఆయన ఊహించిన చోట కాదు.

"కిష్టయ్యా, ఇయ్యాల ఎవల దినం?"

ఆయనకు అర్థం కాలేదు.

"నీదా, మావోనిదా? మూడు నెలలాయె. రోజూ చాయ్ తాగుతరు గీడ. ఒక్క పొద్దు చెప్పరాలే? వాని పేరు పిలిచే యాల్లకు నీ ముచ్చట పెట్టినవ్. అందరు నిన్నే చూస్తుండ్రు ఇప్పుడు. వాడు ఏడవాయె?"

ఇంతమందిలో తప్పు ఒప్పుకోవడం కంటే ఎక్కువగా తల దించుకోవడం అంటూ ఉంటే అది ఆ క్షణంలోనే జరిగింది. నిజం చెప్పడం కూడా ఆయన తన సుఖం కోసమే చేసుకున్నాడు. అది ఆయనకు అప్పుడే తెలిసింది, పక్కన నిలబడ్డ నాలాంటివాళ్లకూ తెలిసింది. ఆయన చేతులు ప్యాంటు కుట్టు మీదికి జారి, పిడికిళ్లై, అలాగే ఉండిపోయాయి.

చంద్రమ్మ పూల తట్టను పెంటయ్య చేతికిచ్చింది.

"జరుగు. నేను పిలుస్త. నువ్వు పోయి లైన్ల నిలవడు. అందరితోని జవాబు చెప్పు."

కిష్టయ్య వెనక్కి నడిచి వరుస చివర నిలబడ్డాడు. ఆ రాయి ముందు పిలిచేవాడి జాగాలో ఒక ఆడమనిషి నిలబడడం అదే మొదలు. నియమాలలో అది లేదు. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆమెకు నంబరు తెలియదు. హోదా ఏమిటో తెలుసు గానీ దానితో ఆమెకు పని లేదు. సందు చివర ఆడుకుంటున్నవాణ్ని అన్నానికి పిలిచినట్టు, చెయ్యి నోటి పక్కన పెట్టి, గట్టిగా పిలిచింది.

"సంతోషూ!"

వరుస తడబడింది. ఇన్నేళ్ల అలవాటులో 'హాజిర్ సాబ్' అనాలి. ఎదుట ఉన్నది సాబ్ కాదు. ముందుగా పెంటయ్య, తట్ట పట్టుకుని ఉన్నవాడు, "హాజిర్ అమ్మా" అన్నాడు. తర్వాత ఒకరి వెంట ఒకరు, ముందూ వెనకా, కలిసీ కలవకుండా అన్నారు. ఇన్నేళ్లలో అంత గజిబిజిగా ఆ జవాబు ఎప్పుడూ రాలేదట.

చంద్రమ్మ వరుస చివరకు చూసింది.

"నీ గొంతు రాలే."

కిష్టయ్య తల ఎత్తలేదు.

"ఉరికిచ్చినోడివి. నువ్వు చెప్పకపోతె ఎట్ల? మల్ల పిలుస్త."

మళ్లీ పిలిచింది. ఈసారి మిగతావాళ్లెవరూ నోరు మెదపలేదు. కిష్టయ్య "హాజిర్ అమ్మా" అన్నాడు. రోడ్డు మీది కార్ల రొదలో పక్కనున్నవాళ్లకైనా సరిగ్గా వినబడి ఉంటుందో లేదో. ఆమెకు వినబడింది. తల ఊపి, పెంటయ్య చేతిలోని తట్ట తీసుకుని, రాయి ముందు వంగింది.

కిష్టయ్య అలాగే, మడమలు కలిపి, ఆమె లేచేదాకా నిలబడ్డాడు. ఈ ఏడు కూడా పిలిచేది చంద్రమ్మే. ఆయనది వరుస చివరి చోటు.